వేరు వాటా: అడవి చెట్టు తన సంపాదనను ఎలా పంచుకుంటుంది

అధ్యక్షులకు, వృక్షశాస్త్ర విభాగం అధ్యాపకులకు, విద్యార్థులకు, అటవీ శాఖ నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ పుల్లను వెనక వరుసల్లో కూర్చున్నవారు ఎండిపోయిన ములక్కాడ ముక్క అనుకుంటున్నారేమో. ఇది టేకు స్టంపు. నర్సరీలో పని చేసినవారికి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. మడిలో విత్తిన టేకు మొక్కను ఏడాది పెరగనిచ్చి తవ్వి తీస్తారు. పైన కాండాన్ని రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం ఉంచి కోసేస్తారు. కింద తల్లివేరును జానెడు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు ఉంచి, పక్కవేర్లన్నిటినీ కత్తితో చెక్కేస్తారు. అప్పుడు మిగిలేది ఇది. బొటనవేలంత లావుంటుంది. ఆకు లేదు, చిగురు లేదు, నీరు పీల్చడానికి ఒక్క పీచువేరు కూడా లేదు. అయినా తొలకరి పడగానే గడ్డపారతో నేలలో ఒక పోటు పొడిచి, ఆ బెజ్జంలోకి దీన్ని దింపి, చుట్టూ మట్టి అదిమితే కొద్ది వారాల్లో చిగురిస్తుంది.

ఆకు లేనిదే ఆహారం తయారు కాదని అయిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. మరి ఆ మొదటి చిగురును వేయడానికి పెట్టుబడి ఎక్కడిది? నిరుడు మడిలో ఉండగా ఆకులు సంపాదించినదానిలో పెద్ద భాగాన్ని మొక్క కిందికి పంపి, ఈ తల్లివేరులో పిండిపదార్థంగా దాచుకుంది. మనం పైభాగాన్ని కోసి పారేసినప్పుడు దాని ఆస్తిలో పోయింది ఒక వాటా మాత్రమే. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ వాటాల గురించే. చెట్టు తన సంపాదనలో ఆకుకు ఎంత, కాండానికి ఎంత, వేరుకు ఎంత ఇస్తుంది? ఆ పంపకాన్ని నేల, నీరు, వెలుగు, నిప్పు ఎంతవరకు నిర్ణయిస్తాయి? ఆ చెట్టు పుట్టుకతో తెచ్చుకున్న లక్షణాలు ఎంతవరకు నిర్ణయిస్తాయి?

ముందుగా ఒక మాటను స్పష్టం చేసుకోవాలి. బయోమాస్ అంటే ఎండబెట్టి, నీరంతా పోయాక తూచిన బరువు. పాఠ్యపుస్తకాలు దీన్నే జీవద్రవ్యరాశి అంటాయి. పంపకం అన్నప్పుడు రెండు వేర్వేరు లెక్కలు ఉన్నాయి. ఒకటి నిల్వ లెక్క, అంటే ఈ క్షణాన చెట్టు బరువులో ఏ భాగం వాటా ఎంత అన్నది. రెండోది రాబడి లెక్క, అంటే ఈ ఏడాది తయారైన కొత్త పదార్థంలో ఏ భాగానికి ఎంత వెళ్లింది అన్నది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల చాలా గందరగోళం పుట్టింది. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ కుండీలో విల్లో మొక్కను నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోసి, చెట్టు బరువు సుమారు 164 పౌన్లు పెరిగిందనీ, మట్టి మాత్రం రెండు ఔన్సులే తగ్గిందనీ చూపిన ప్రయోగం మీకు తెలిసినదే. అది ఆయన మరణానంతరం 1648లో అచ్చయింది. ఆ ప్రయోగంలో గాలి పాత్రను ఆయన గుర్తించలేదని అందరూ చెబుతారు. ఆయన నిజాయితీగా రాసిన మరొక మాటను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు: నాలుగు శిశిరాల్లో రాలిన ఆకులను తాను తూచలేదని. అంటే ఆయన కొలిచింది నిల్వను. రాబడిలో ఆకులకు వెళ్లిన భాగం ఏటా కుండీ పక్కన రాలిపోయింది.

ఆ రాలిపోయిన భాగం చిన్నది కాదు. ఉష్ణమండల అడవుల్లో ఏటేటా జరిగే ఉత్పత్తి ఎలా పంచబడుతోందో సమీక్షించి 2011లో మల్హి బృందం ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు 34 శాతం పైకప్పుకు, అంటే ఆకులు, పూలు, కాయలు, సన్నకొమ్మలకు వెళ్తుంది. సుమారు 39 శాతం చెక్కకు, 27 శాతం సన్నవేర్లకు వెళ్తాయి. ఉరామరిగా మూడు సమభాగాలు అనుకోవచ్చు. అదే నిల్వ లెక్కకు వస్తే, పెద్ద చెట్టులో ఆకుల బరువు మొత్తంలో కొద్ది శాతమే ఉంటుంది. ఆకు ఏడాదిలో రాలుతుంది, సన్నవేరు కొన్ని నెలలకో ఏడాదికో కుళ్లుతుంది, చెక్క మాత్రం దశాబ్దాలు పోగుపడుతుంది. సమానంగా సంపాదించే ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరు ఎప్పటిదప్పుడు ఖర్చు పెట్టి, ఒకడు బంగారం కొని దాచుకుంటే, ముప్పై ఏళ్ల తరవాత ఇంటి ఆస్తి అంతా ఆ ఒకడిదే అన్నట్టు కనిపిస్తుంది. చెట్టు మానే కనిపించి, ఆకు కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ సమీక్షలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకొకటి: అడవికీ అడవికీ మధ్య పైకప్పు వాటా అంతగా మారదు. బేరం ప్రధానంగా చెక్కకూ సన్నవేరుకూ మధ్యనే జరుగుతుంది.

ఇక ఆ బేరం ఏ సూత్రం మీద నడుస్తుందన్న ప్రశ్నకు వస్తే, 1960లలో డచ్ శాస్త్రవేత్త బ్రౌవర్ ఒక సమతౌల్య భావనను ప్రతిపాదించారు. వేరును కొంత కోసేస్తే మొక్క కొత్త సంపాదనను వేరుకు మళ్లిస్తుంది, ఆకులు తుంచేస్తే ఆకుకు మళ్లిస్తుంది, కొంతకాలానికి పాత నిష్పత్తి దగ్గరికి వచ్చేస్తుంది. 1985లో బ్లూమ్, చాపిన్, మూనీ దీనికి ఆర్థికశాస్త్రపు భాష తొడిగారు. పెరుగుదలను ఏ వనరు కొరత ఆపుతోందో, ఆ వనరును తెచ్చే అవయవానికే పెట్టుబడి వెళ్తుందన్నారు. నీరో నత్రజనో తక్కువైతే వేరుకు, వెలుగు తక్కువైతే ఆకుకు, కాండానికి. రోజూ తడిపే తోటలో వేళ్లు పైపైనే తిరుగుతాయని, నీటి ఎద్దడి పెట్టిన చోట లోతుకు దిగుతాయని మన రైతులు చెప్పేదానికీ దీనికీ చుట్టరికం ఉంది. కాకపోతే రైతు చెప్పేది వేరు ఎక్కడికి వెళ్తుందని, బ్లూమ్ బృందం చెప్పింది వేరుకు ఎంత వెళ్తుందని. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

సిద్ధాంతం వినడానికి బాగుంది. ప్రయోగాల్లో తేలింది మాత్రం కొంచెం వంకరగా ఉంది. హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు అప్పటివరకు జరిగిన ప్రయోగాలను కలిపి చూసి 2012లో ప్రకటించిన విశ్లేషణలో, పోషకాల కొరతకు వేరు వాటా గట్టిగానే పెరిగింది. నీటి విషయంలో మాత్రం మామూలు ఎద్దడికి పంపకం పెద్దగా కదలలేదు, కరువు తీవ్రమై మొక్క పెరుగుదల బాగా పడిపోయినప్పుడే వేరు వైపు స్పష్టంగా మొగ్గింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే పంపకం దాదాపు మారలేదు. వెలుగు తగ్గినప్పుడు ఆకు బరువు వాటా పెరిగింది గానీ, మనం ఊహించినంతగా కాదు.

అయితే నీడలో ఉన్న మొక్క చేతులు కట్టుకుని కూర్చుందా? లేదు. అది బరువును మార్చకుండా రూపాన్ని మార్చింది. గరిటెడు పిండిని పెనం మీద మందంగా పోస్తే ఊతప్పం అవుతుంది, అదే గరిటెడును పలచగా తిప్పితే పెనమంతా పరుచుకునే దోసె అవుతుంది. నీడలోని మొక్క దోసె వేస్తుంది: అదే బరువుతో పలచని, వెడల్పాటి ఆకు. ఎండలోని మొక్క ఊతప్పం వేస్తుంది. నేల కింద కూడా ఇంతే. అదే గ్రాము పదార్థంతో లావు వేరు జానెడు వేయవచ్చు, వెంట్రుకలాంటి వేరు గజాల కొద్దీ వేయవచ్చు. ఇంకా పొదుపైన దారి శిలీంధ్రాలతో పొత్తు. మైకోరైజా అనే ఈ వేరు శిలీంధ్రాల తంతువులకు చక్కెర ఇచ్చి భాస్వరం తెప్పించుకునే చెట్టు ఆ ఖర్చును వేరు బరువులో చూపించదు, మన తక్కెడకు అది అందదు. కాబట్టి వేరు తూకం మారలేదు గనుక మొక్క స్పందించలేదని తీర్మానించేవారిని నేను నమ్మను.

ఇక్కడ నా విద్యార్థి దశలోని ఒక తప్పు చెప్పాలి. కానుగ మొక్కలను పాలిథిన్ సంచుల్లో పెంచి, సగానికి నిండుగా, సగానికి అరకొరగా నీళ్లు పోశాను. ఆరు నెలల తరవాత అన్నిటినీ కడిగి, కోసి, ఆరబెట్టి తూచాను. నీరు తక్కువైన మొక్కల్లో వేరు వాటా ఎక్కువ వచ్చింది. సిద్ధాంతం నిజమైందని సంబరపడిపోయి మా మాష్టారికి చూపించాను. ఆయన పట్టిక చూసి, వేరు వాటాను నీటితో కాకుండా మొక్క మొత్తం బరువుతో పోల్చి గ్రాఫు గీయమన్నారు. గీశాను. రెండు గుంపుల చుక్కలూ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. నీరు తక్కువైన మొక్కలు చిన్నవి, చిన్న మొక్కల్లో వేరు వాటా ఎలాగూ ఎక్కువే. నీరు బాగా తాగిన మొక్కలు కూడా ఆ సైజులో ఉన్న నాడు అదే వాటాతో ఉండేవి. నేను పోల్చింది ఎద్దడినీ సమృద్ధినీ కాదు, అయిదేళ్ల పిల్లనూ పదిహేనేళ్ల పిల్లనూ. ఒకే వయసులో కాకుండా ఒకే బరువుకు వచ్చినప్పుడు కోసి ఉండాల్సింది. ఆరు నెలలు మళ్లీ చేశాను.

ఈ సైజు ప్రభావం చిన్న విషయం కాదు. 2002లో ఎన్‌క్విస్ట్, నిక్లాస్ ప్రపంచవ్యాప్త సమాచారంతో చూపినది ఏమిటంటే, వేరు బరువు కాండం బరువుతో దాదాపు సమాన వేగంతో పెరుగుతుంది, ఆకు బరువు మాత్రం కాండం బరువుకు 3/4 ఘాతంతో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. చెట్టు పెరిగి కాండం 16 రెట్లైతే ఆకు 8 రెట్లే అవుతుంది. అంటే కాండంతో పోల్చిన ఆకు వాటా సగానికి పడిపోయింది, వాతావరణంలో ఏ మార్పూ లేకుండానే. నీటిని పైకి మోసే గొట్టాలు, గాలికి నిలబడే బలం, పక్క చెట్టుకంటే ఎత్తుకు చేరాల్సిన ఒత్తిడి ఇవన్నీ కాండం ఖర్చులే. ఈ సూత్రంలోని ఘాతం అన్ని సైజుల్లోనూ స్థిరంగా ఉంటుందా అన్నదానిపై వాదం ఉంది. నా మట్టుకు నేను ఆ సంఖ్యకంటే అది నేర్పే క్రమశిక్షణకే విలువిస్తాను. ఏ అడవిలోనైనా పర్యావరణం పంపకాన్ని మార్చిందని చెప్పేముందు చెట్ల సైజును లెక్కలోంచి తీసేయాలి.

తీసేశాక కూడా మిగిలే తేడాలే అసలు కథ. 2014లో పీటర్ రైష్ బృందం 6,200కు పైగా అడవి తావుల సమాచారాన్ని సర్ది చూస్తే, చలి ప్రదేశాల అడవుల్లో వేరు వాటా ఎక్కువ, ఆకు వాటా తక్కువ అని తేలింది. చల్లని నేలలో పోషకాలు మెల్లగా విడుదలవుతాయి, వేరు ఎక్కువ వెతకాలి. మన అడవులకు చలి బాధ లేదు గనుక అక్కడ ఆగను. 2021లో వచ్చిన మరొక ప్రపంచ అంచనా ప్రకారం మొత్తం బరువులో వేరు వాటా అడవుల్లో సగటున 22 శాతం, పొదల్లో 47, గడ్డిభూముల్లో 67 శాతం. ఈ మూడు అంకెలను మనసులో ఉంచుకోండి. మన తెలుగు నేల మీద అడవి అని రికార్డుల్లో రాసి ఉన్న చోట ఈ మూడూ ఒకే కొండ మీద పక్కపక్కనే ఉంటాయి.

కడప వైపు కొండలు తీసుకోండి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దగ్గర వాన, అదీ కొన్ని నెలల్లోనే. క్వార్ట్‌జైట్ రాయి, దాని పగుళ్లలో పిడికెడు మట్టి. అక్కడే ఎర్రచందనం పుట్టి పెరుగుతుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా అంత విస్తారంగా లేదు. మారేడుమిల్లి వైపు వెళ్తే వాన 1,200 మిల్లీమీటర్లు దాటుతుంది, నేల లోతుగా ఉంటుంది, లోయల్లో సతతహరిత చెట్లు కనిపిస్తాయి. ఈ రెండు అడవుల మధ్య పంపకం తేడాను వానతో మాత్రమే వివరించబోతే తప్పుతాం. వాన అక్కడ ఏ రకం లక్షణాలున్న చెట్లు నిలవగలవో జల్లెడ పడుతుంది, నిలిచిన చెట్లు తమ లక్షణాల ప్రకారం పంచుకుంటాయి. పర్యావరణం నేరుగా చేసే పనికంటే ఇలా లక్షణాల ద్వారా చేయించే పని ఎక్కువని నా అభిప్రాయం.

ఆ లక్షణాల్లో మొదటిది ఆకు ఖరీదు. 2004లో రైట్ బృందం 175 ప్రదేశాల నుంచి 2,548 జాతుల ఆకులను పోల్చి, ఒక వైపు పలచగా, చౌకగా ఉండి త్వరగా సంపాదించి త్వరగా రాలే ఆకులు, మరో వైపు దళసరిగా, ఖరీదుగా ఉండి మెల్లగా సంపాదిస్తూ ఎక్కువకాలం ఉండే ఆకులు, వాటి మధ్యలో మిగతావన్నీ ఒకే వరుసలో అమరుతాయని చూపింది. నల్లమలలో వేసవికి ఆకు రాల్చే టేకు, అందుగు లాంటి చెట్లు ఏటా కొత్త ఆకును ఉత్పత్తి చేయక తప్పదు, ఆ పెట్టుబడి చాలాచోట్ల వానకు ముందే, అంటే సంపాదన మొదలవకముందే పెట్టాలి. కాబట్టి అవి ఎక్కడో ఒకచోట నిల్వ ఉంచుకోవాలి. వేరులోనా, కాండంలోనా అన్నది జాతిని బట్టి ఉంటుంది. గుంపెన కొమ్మను నరికి కంచె గుంజగా పాతితే చిగురించి చెట్టవుతుంది. కొండగోగు ఒక్క ఆకు లేకుండా, మెత్తని మానుతో, నడి వేసవిలో పసుపుపచ్చని పూలు పూస్తుంది. టేకు కొమ్మను పాతితే ఎండిపోతుంది, దాని స్టంపును పాతితే బతుకుతుంది. కొమ్మకు వేళ్లు పుట్టే గుణం వేరే సంగతే గానీ, నిల్వ ఎక్కడుందన్నది కూడా ఇందులో భాగమే.

రెండోది చెక్క సాంద్రత. ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. అంటే దాని సాంద్రత 1 దాటింది. నారేపి కూడా ఆ కోవదే. బూరుగు చెక్క సాంద్రత 0.35 దగ్గర ఉంటుంది. షావ్ బృందం 2014లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఉష్ణమండల చెట్టు నేలపై బరువు అన్నది సాంద్రత, వ్యాసం వర్గం, ఎత్తు ఈ మూడింటి లబ్ధపు 0.976 ఘాతానికి అనులోమంగా ఉంటుంది. ఘాతం 1కి చాలా దగ్గర గనుక, ఒకే చుట్టుకొలత, ఒకే ఎత్తు ఉన్న ఎర్రచందనం మానులో బూరుగు మానుకంటే సుమారు మూడు రెట్ల బరువుంటుంది. ఇంకోలా చెప్పాలంటే, ఒకే సంపాదనతో బూరుగు త్వరగా లావెక్కి ఎత్తుకు చేరుతుంది, ఎర్రచందనం అదే సంపాదనను చిన్న మానులో కుదించి పెడుతుంది. బరువు వాటా రెండింటిలోనూ ఒకటే కావచ్చు. కాని ఆ బరువు కొన్నది వేర్వేరు సరుకులను. దట్టమైన చెక్కలోని సన్నని నీటి గొట్టాలు ఎండాకాలపు గుంజుడును చాలావరకు తట్టుకుంటాయి. బూరుగు ఆ గుంజుడు రాకముందే ఆకులు రాల్చి తప్పుకుంటుంది. ఇదీ దోసె, ఊతప్పం బేరమే.

మూడో లక్షణాన్ని నేను కొంచెం ఎక్కువ సేపు చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో ఇది చాలినంతగా లేదు. నిప్పు, గొడ్డలి, పశువు ఈ మూడూ ఏటా పైభాగాన్ని తీసేసే చోట, వేరు నీటి కోసం మాత్రమే ఉండదు, తిరిగి లేవడానికి బీమాగా ఉంటుంది. తునికి పొదను చూడండి. తెలంగాణ అడవుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూలీలు తునికి పొదలను నేల మట్టానికి నరుకుతారు. నెలా నెలన్నరలో, ఒక్క చినుకు లేకుండా, నలభై డిగ్రీల ఎండలో, రాగి రంగు లేత ఆకు బుసబుసమని లేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కట్టలు కట్టి కల్లానికి చేర్చే బీడీ ఆకు అదే. ఆ ఆకు ఆ నెల సంపాదన కాదు, నిరుటి వానాకాలంలో వేరుకు వెళ్లిన నిల్వను పైకి తీసి ఇచ్చినది. వేలాది గిరిజన కుటుంబాల వేసవి కూలి ఒక మొక్క పంపక లక్షణం మీద నడుస్తోంది. మోదుగ కూడా ఇలాగే వేరు పిలకలు వేస్తుంది. ఉత్తరాంధ్ర సరిహద్దు కొండల్లో కొద్దిగా, మధ్య భారతంలో విస్తారంగా ఉండే గుగ్గిలం మొలకలు ఏళ్ల తరబడి పైన ఎండిపోతూ, ప్రతి వానకూ మళ్లీ లేస్తూ, కింద మాత్రం వేరును లావు చేసుకుంటూ పోతాయి. వేరు చాలినంత బలపడిన ఏడు ఒక్కసారిగా మంటకు అందని ఎత్తుకు లేస్తాయి. పైన మోకాలెత్తు మొక్కను చూసి దాని వయసు రెండేళ్లని రాసుకుంటే, కింద ఇరవై ఏళ్ల వేరు ఉండవచ్చు.

కోరంగి మడ అడవులను రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. అక్కడ కరువు నీటిది కాదు, వేరుకు అందే గాలిది, ఉప్పు లేని నీటిది. నల్లమడ, తెల్లమడ బురదలోంచి పెన్సిళ్లలా పైకి పంపే శ్వాసవేర్లు వేరు బరువులో చేరతాయా, పైభాగంలో చేరతాయా అని నన్ను విద్యార్థులు అడుగుతుంటారు. పని వేరుది, ఉన్నది గాలిలో. ఏ ఖాతాలో రాసినా, ఎందులో రాశారో చెబితే చాలు.

ఖాతాల మాట వచ్చింది గనుక, ఇదంతా అడవిలో ఎంత కార్బన్ నిల్వ ఉందో చెప్పే లెక్కల్లో ఎక్కడ తగులుతుందో చూద్దాం. నేలపై బరువును చుట్టుకొలతతో అంచనా వేయవచ్చు. మన దేశంలో 1.37 మీటర్ల ఎత్తున టేపు చుడతాం. వేరును కొలవాలంటే తవ్వాలి. తవ్వడం ఎంత కష్టమో క్వార్ట్‌జైట్ కొండ మీద గడ్డపార పట్టినవారికే తెలుస్తుంది. మట్టి అరచేయి లోతున అయిపోతుంది, వేరు మాత్రం రాతి పగులులోకి దూరి కాగితంలా చదునై ఎక్కడికో వెళ్లిపోతుంది. కలహారి ఎడారిలో బోషియా అనే చెట్టు వేరు 68 మీటర్ల లోతున దొరికింది, అదీ నీటి కోసం బోరు వేస్తుంటే. అందుకే దాదాపు అందరూ వేరును తవ్వకుండా, నేలపై బరువును ఒక నిష్పత్తితో హెచ్చవేసి రాసుకుంటారు. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాలు ఉష్ణమండల శుష్క అడవులకు రెండు నిష్పత్తులు ఇచ్చాయి: హెక్టారుకు నేలపై బరువు 20 టన్నులకు లోపైతే 0.56, అంతకు మించితే 0.28.

ఈ రెండు అంకెల్లో మనం ఇంతసేపు చెప్పుకున్నదంతా ఉంది. పలచని, తరచూ దెబ్బతినే, చిన్న చెట్ల అడవిలో నేలపై బరువుతో పోల్చిన వేరు నిష్పత్తి రెట్టింపు. కాని నిష్పత్తి ఒక మెట్టుగా దిగడం వల్ల ఒక వింత జరుగుతుంది. ఒక అడవి 19 టన్నుల దగ్గర ఉందనుకోండి. వేరు 10.64 టన్నులు, మొత్తం 29.64. కాపాడుకున్నాం, అడవి పెరిగి 21 టన్నులకు వచ్చింది. ఇప్పుడు నిష్పత్తి 0.28 గనుక వేరు 5.88 టన్నులు, మొత్తం 26.88. పెరిగిన అడవి కాగితం మీద తరిగిపోయింది! నేల కింద ఏమీ చావలేదు, వరుస మారిందంతే. ఇది మార్గదర్శకాల తప్పని నేను అనను. కొలతలు లేని దేశాలకు ఇచ్చిన ఉజ్జాయింపు అది. మన రాయలసీమలోని పలచని అడవులు ఆ మెట్టుకు దగ్గర్లో ఉండవచ్చు గనుక, మనం దాన్ని కళ్లు మూసుకుని వాడటం మాత్రం తప్పు. మెట్టు స్థానంలో వాలు కావాలి. చెట్టు సైజుతో, చెక్క సాంద్రతతో, నిప్పు చరిత్రతో వేరు వాటా ఎలా మారుతుందో చెప్పే వంపు గీత మన జాతులకు కావాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పొదలు నిండిన భూమిని పనికిరాని భూమిగా లెక్కించి, యంత్రంతో లోతుగా దున్ని, నీలగిరి నాటే పథకం వేసినప్పుడు, తీసేసిన పొదల బరువును నేలపై కనిపించినంతే రాస్తారు. నేను చూసిన ఒక స్థలంలో దున్నిన చాళ్ల పక్కన తునికి, మోదుగ వేళ్లు తొడంత లావున కుప్పలుగా పడి ఉన్నాయి. పైన ఉన్న పొద నడుమెత్తు కూడా లేదని అక్కడి కాపలాదారు చెప్పాడు. ఆ కుప్పలు వంటచెరకుగా వెళ్లిపోయాయి, ఏ పట్టికలోకీ ఎక్కలేదు. కొత్తగా నాటిన మొక్కలు, నీరూ ఎరువూ అందితే, తమ సంపాదనను ఎక్కువగా పైకే పెడతాయి. అయిదేళ్లకు పైన కనిపించే బరువు పాత పొదకంటే ఎన్నో రెట్లు ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కింద ఎంత పోయి ఎంత వచ్చిందన్నది మాత్రం ముందు తవ్వి చూసినవారే చెప్పగలరు.

ఈ ఎడమవైపు బల్ల మీద ఒకే తునికి పొదవి మూడు కాగితం సంచులు ఉన్నాయి: ఆకు, కాండం, వేరు. మన ప్రయోగశాల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టినవి. ఇద్దరు విద్యార్థులు రెండు రోజులు తవ్వితే వచ్చిన వేరు ఇది, అదీ మీటరు లోతు వరకే, ఆ కింద రాయి తగిలింది. సంచుల మీద అంకెలు కావాలనే రాయలేదు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూడండి. ఆ పక్కన ఉన్న నోటుబుక్కులో, మూడు సంచుల్లో ఏది ఎంత వాటా అని మీకు అనిపించిందో రాసి, తరవాత తక్కెడ మీద పెట్టండి. ఈలోగా ప్రశ్నలు ఉంటే అడగవచ్చు.